పండుకున్నడు, సప్పుడు చెయ్యకు

మొన్న ఒక పొల్ల ఫోన్ చేసింది. దవాఖానల పిల్లల కౌన్సిలింగ్ పని కొత్తగ దొరికిందట. నా నంబర్ ఎవరో ఇచ్చిండ్రట. "మేడం, పిల్లలతోని ఏం మాట్లాడాలె, ఎట్ల మాట్లాడాలె, ఒక ఫార్మాట్ లెక్క ఏదన్న ఉంటె వాట్సప్‌ల పెడ్తరా?" అని అడిగింది. ఫార్మాట్ అనంగనె నాకు నవ్వొచ్చింది, కొంచెం కోపం గూడ వచ్చింది. తర్వాత ఆలోచన చేస్తె, పాపం ఆ పొల్ల తప్పేమున్నది. నేను చేరినప్పుడు నన్ను కూసోబెట్టి చెప్పినోళ్లు ఎవరున్నరు. అందుకని, ఫార్మాట్ కాదు గని, ఇది రాస్తున్న.

నన్ను గోదావరిఖనిల రూత్ సిస్టర్ అంటరు. బొగ్గుబాయిల కంపెనీ దవాఖానల నర్సుగ చేరిన, చాన ఏండ్లు పిల్లల వార్డుల చేసిన. ఆఖరి ఏండ్లల్ల మా పిల్లల డాక్టరు సారు నన్ను వార్డుల నుంచి తీసి, పక్కన ఒక చిన్న అర్రల కుర్చీలేపిచ్చి, "పిల్లలకి మందులు నేనిస్తాను. వాళ్ళ అమ్మానాన్నలతో మీరు మాట్లాడండి" అన్నడు. అట్ల కౌన్సిలర్‌నైన. ట్రైనింగుకు గూడ పంపిండ్రు. ప్రమోషన్ల సంగతి, ట్రాన్స్‌ఫర్ల సంగతి ఇక్కడ రాయను. అవి అందరికి ఒక్క తీరే ఉంటయి.

కడుపునొప్పి ఎవరిది

ఈ నౌకరిల దవాఖానకు వచ్చేది పిల్ల, మనం చూడాల్సింది ఇంటిని. ఇది మొదలు నేర్చుకోవాలె.

ఒక పిల్లకు పొద్దుగాల బడికి పోయే యాళ్లకు కడుపునొప్పి లేస్తది, బడి గంట కొట్టినంక తగ్గుతది. ఒక పిల్లగాడు పెద్దగైనంక మళ్ల పక్కల పోసుడు మొదలుపెడ్తడు. ఒకతె కనుబొమ్మల ఎంటికలు పీక్కుంటది. మందమర్రి నుంచి, నస్పూర్ నుంచి గూడ తోలుకచ్చేటోళ్లు. అన్ని పరీక్షలు చేస్తం, ఏముండది. "ఏం లేదమ్మా, మంచిగనె ఉన్నడు" అంటె తల్లి మొఖం ఇంకింత చిన్నగైతది. మంచిగుంటె దవాఖానకు ఎందుకొస్తది మరి.

అప్పుడు పిల్లను వదిలేసి పెద్దోళ్లను అడగాలె. "ఇంట్ల కష్టమొస్తె మీరేం చేస్తరు?" అని. మొదలు అందరు ఒక్కటే అంటరు: "ఏం చేస్తం సిస్టర్, దేవుని మీద భారం." ఆగాలె. చాయ్ తెప్పియ్యాలె. మళ్ల అడగాలె. అప్పుడు అసలు సంగతి బయటికొస్తది. ఒకామె ఇల్లు కడిగిందె కడుగుతది. ఒకాయన గోదారి ఒడ్డుకు పోయి ఫోన్ చూసుకుంట కూసుంటడు. ఒకాయన ఇంట్ల మాట బంద్ పెడ్తడు. ఇంకొకాయన ఊకె జోకులేస్తడు, ఇల్లు మునుగుతున్నా జోకులేస్తడు, పిల్లలకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది.

కష్టం లేని ఇల్లు నేను చూడలేదు. అదే క్వార్టర్ల లైనుల, అదే కష్టంల, ఒకింటి పిల్లలు మంచిగ తిని ఆడుకుంటరు, పక్కింటి పిల్ల నిద్రల ఉలిక్కిపడ్తది. పెద్దోళ్లు ఆ కష్టాన్ని ఎట్ల మోస్తున్నరో పిల్లలు చూస్తనె ఉంటరు. చూసి, వాళ్లకు తెలిసిన తీరుగ వాళ్లు గూడ మోస్తరు.

ఇంకొక మాట గట్టిగ చెప్తున్న. తల్లిదండ్రుల మీద తప్పు మోపుడు మన పని కాదు. కొత్తగ చదువుకొని వచ్చినోళ్లు కొందరు రెండు ముక్కలు తెల్వంగనె తల్లిని పట్టుకొని "మీ వల్లనే బాబు ఇట్లయిండు" అంటరు. అట్ల అన్న ఒకామెను నేను అర్రలకెల్లి బయటికి తోలిన. తర్వాత నా మీద కంప్లైంట్ గూడ పెట్టింది, పెట్టనీ. ఆ తల్లి పండుకున్నా లేచినా అదే అనుకుంటున్నది. నువ్వు వేరేగ చెప్పుడెందుకు.

తాగే తండ్రుల గురించి ఇక్కడ రాస్తలేను. తాగుడు అందరికి కనపడ్తది, ఎవరో ఒకరు అడ్డం పోతరు. నన్ను పరేషాన్ చేసినయి పైకి మంచిగ కనపడే అలవాట్లు. వాటికి ఎవరు అడ్డం పోరు.

రజియా ఏడుపు

మంచి అలవాటు ఒకటి చెప్తె గని మిగిలింది అర్థం కాదు. రజియా భర్త లారీల మెకానిక్. జాకీ జారి చెయ్యి నలిగి పని బందయింది. ఆమె నా దగ్గరికి రాలేదు, చిన్నోడికి టీకా ఏపిద్దామని వచ్చింది. ముగ్గురు పిల్లలు వరండల ఒకటే లొల్లి. ఇంటి పరిస్థితి నాకు తెలుసు గనుక ఆశ్చర్యమైంది. "ఇంత కష్టంల గూడ పిల్లల్ని ఇంత ఖుషీగ ఎట్ల పెట్టినవమ్మా?" అని అడిగిన.

ఆమె సిగ్గుపడుకుంట చెప్పింది. దుఃఖం ఆగకపోతె పిల్లల్ని పిలిచి "మై అభీ జాకో రోతూం, రోకో ఆకో రోటీ డాల్తూం" అంటదట. ఇప్పుడు పోయి ఏడుస్త, ఏడ్చొచ్చి రొట్టెలు చేస్త అని. చెప్పి బాత్రూంల తలుపేసుకొని ఏడుస్తది. పిల్లలు బయట ఆడుకుంటరు. ఒకసారి చానసేపైతె పెద్దపిల్ల తలుపు కొట్టి "అమ్మీ, హోగయా క్యా?" అన్నదట, అయిపోయిందా అని. ఈమె లోపల్నుంచి "ఔర్ థోడా హై" అన్నదట, ఇంకింత ఉన్నది అని.

చెప్పుకుంట ఆమె నవ్వింది, నేనైతె కండ్లల్ల నీళ్లొచ్చెదాంక నవ్విన. తర్వాత కూసోని ఆలోచన చేసిన. ఆమె ఏడుపు దాచలేదు, అట్లని పిల్లల ఒళ్లె కుమ్మరియ్యలేదు. అమ్మ ఏడుస్తది, ఏడుపు అయిపోతది, అయిపోయినంక రొట్టెలొస్తయి అని ఆ పిల్లలకు ఎరుక. ఆ ముచ్చట నేను ఎంతమంది తల్లులకు చెప్పిన్నో. రజియా ఇప్పటికి బజార్ల కలుస్తది, సలాం అంటది, కూరగాయల ధర మాట్లాడ్తది. ఆమె ఏడుపు ఎన్ని ఇండ్లల్ల పనికొచ్చిందో ఆమెకు ఎరుకే లేదు. నాకెరుక, అందుకె ఇక్కడ రాసి దండం పెడ్తున్న.

మా సారు అడిగిన పిచ్చి ప్రశ్న

మా డాక్టరు సారుది భీమవరం దిక్కు. మనిషి చిటపట. రౌండుల ఒక మాట అటిటైతె అందరి ముంగటనె అరుస్తుండె, అరిచి ఐదు నిమిషాలైనంక తనే చాయ్ పంపుతుండె. ఆయన వచ్చిన కొత్తల వార్డు మొత్తం తిరిగి నన్ను అడిగిండు: "ఏంటండీ సిస్టర్, ఈ ఊళ్ళో పిల్లలంతా ఇంత మెల్లగా మాట్లాడతారు? మా వైపైతే ఈపాటికి వార్డు పైకప్పు లేచిపోయేది."

నాకు కోపమొచ్చింది. "మా పిల్లలకు మర్యాద ఎక్కువ సార్" అన్న.

మర్యాద కాదని నాకు తెల్వదా. మా బాపు గూడ బొగ్గుబాయిల పని చేసిండు. నైట్ షిఫ్టు చేసొచ్చినోళ్లు పగలు పండుకోవాలె. ఉన్నయి రెండర్రలు. అందుకె మా ఇండ్లల్ల పిల్లలు మాటలు నేర్చినంక మొదలు వినే మాట ఇదే: పండుకున్నడు, సప్పుడు చెయ్యకు. కుర్చీ గుంజొద్దు, ఎత్తి పెట్టాలె. రోలు కింద బొంత ఎయ్యాలె. మా అవ్వ స్టీలు గిన్నెలు బయట చెట్టు కిందికి తీస్కపోయి తోముతుండె. నేను, మా తమ్ముడు కండ్లతోనె కొట్లాడుకుందుము. మా అవ్వ భయం ఒక్కటే, నిద్ర సాలక బాయిలకు దిగితె ఆయనకు ఏమన్నైతదేమో అని. మేము సప్పుడు చెయ్యకపోతెనె బాపు మంచిగ ఇంటికొస్తడు అని మాకు గట్టి నమ్మకం. దాన్ని నేను ఇప్పటికి చెడ్డ అలవాటు అనను. అది మా ఇండ్లల్ల ప్రేమ చూపెట్టే తీరు.

సారు ప్రశ్న అట్లనె మర్చిపోయిన. చాన ఏండ్లకు సంజన వచ్చింది.

సంజన

ఎండకాలం సెలవులల్ల స్వరూప అనే తల్లి బిడ్డను తోలుకచ్చింది. బిడ్డ పేరు సంజన, ఒకటో తరగతి అయిపోయింది. ఏడాది పొడుగున బడిల ఒక్క మాట మాట్లాడలేదట. హాజరు పిలిస్తె చెయ్యెత్తుతది. రాసుడు ముత్యాల తీరు రాస్తది. ఏమన్న అడిగితె చూస్తది, గంతే. టీచర్లు మొదలు సిగ్గు అనుకున్నరు, తర్వాత మూగ అనుకున్నరు. "ఇట్లాంటి పిల్లను మేం చూసుకోలేమమ్మా. మాట రాని పిల్లలకు వేరే ఊర్ల హాస్టల్ బడి ఉన్నది, అండ్ల ఎయ్యి. డాక్టరుతోని కాయిదం రాపిచ్చుకరా" అన్నరట. బడి తెరిచేలోపు ఆ కాయిదం కావాలె. స్వరూప అందుకోసమె వచ్చింది.

"పుట్టుకనుంచె మాట్లాడదా?" అని అడిగిన.

"లే సిస్టర్. అంగన్‌వాడిల ఉన్నప్పుడు దీని నోరు మూపియ్యలేక సచ్చేది. ఇప్పుడు నా ఒక్కదాని చెవుల చెప్తది, అది గూడ అన్నం, నీళ్లు, బాత్రూం. వాళ్ల డాడీతోని అది గూడ లేదు."

వాళ్ల డాడీ సంపత్. బాయిల పని. ముందటేడు వానలు మొదలైన కొత్తల, పిల్లను ఇంకా బడిల ఎయ్యకముందు, నైట్ షిఫ్టు దిగి ఇంటికొస్తుంటె బండి జారి పడ్డడు. నడుము ఎముకకు దెబ్బ తాకింది, ఆపరేషనైంది. నడువస్తది గని మళ్ల బాయిలకు దిగుతడా లేదా అన్నది ఎవరు గట్టిగ చెప్పలేకపోతున్నరు. స్వరూప కుట్టుమిషను మీద ఇల్లు నడుపుతున్నది.

సారు పిల్ల చెవులు చూసిండు, గొంతు చూసిండు. అన్ని మంచిగున్నయి. కాయిదం మాత్రం రాయలేదు. "సిస్టర్, ముందు మీరు వాళ్ళింటికెళ్ళి రండి" అన్నడు.

స్వరూపకు అది నచ్చలేదు. "ఇద్దర్ని చూసుకునుడు నాతోని అయితలేదు సిస్టర్. అక్కడైతె నలుగురు పిల్లలల్ల మంచిగుంటది గద" అనుకుంట బిడ్డ జడకు రబ్బరు మంచిగ ఎయ్యవట్టింది. పిల్లేమొ తలకాయ కదలకుంట నిలబడ్డది. అన్ని వింటున్నదని నాకు తెలుస్తనె ఉన్నది. అంత చిన్న పిల్లను, అన్ని మంచిగున్న పిల్లను, మూగపిల్లలల్ల ఏసొస్తరా అని నా పానం కొట్టుకున్నది.

మర్నాడు పగటిపూట వాళ్ల క్వార్టర్‌కు పోయిన. స్వరూప వాకిట్లకె ఎదురొచ్చి మూతి మీద వేలు పెట్టింది. "పండుకున్నడు సిస్టర్."

చిన్నప్పటి అలవాటు నాది. చెప్పులు చేతుల పట్టుకొని లోపలికి పోయిన. ముంగటర్రల సంపత్ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మేము వంటర్రల కూసున్నం. సంజన చిక్కుడుకాయలు తెంపుతున్నది. స్టీలు తట్టల టంగుమనొద్దని తట్టల గుడ్డ పరుచుకున్నది. నేను, స్వరూప చానసేపు గుసగుస మాట్లాడుకున్నం, ఈ పిల్ల ఎందుకు మాట్లాడ్తలేదు అని.

వాపస్ వచ్చి సారుకు చెప్పిన. "మంచిల్లు సార్. తాగుడు లేదు, కొట్లాట లేదు. చాన ప్రశాంతంగ ఉన్నది."

"తండ్రితో మాట్లాడారా?"

"లే సార్. పండుకున్నడు."

"నైట్ షిఫ్టా?"

"కాద్సార్. డ్యూటీకి పోకనె ఏడాది కావొస్తున్నది."

సారు చేతుల పెన్ను కింద పెట్టిండు. "మరి పగలెందుకు పడుకున్నాడండీ?"

వేరే ఊరోళ్లైతె గడప కాడనె అడుగుదురు ఈ మాట. మా బొగ్గుబాయిల దిక్కు ఎవ్వరు అడగరు. పగటిపూట మగమనిషి పండుకున్నడంటె నోరు మూసుకునుడె మాకు తెలుసు. ఇప్పుడు తల్చుకుంటె నవ్వొస్తది, చెప్పులు చేతుల పట్టుకొని పోయిన నా తెలివి చూసి. కొత్తగ చేరేటోళ్లకు అందుకె చెప్తున్న, మీ సొంతూర్ల పని చేస్తె పక్కకు ఒక పరాయి ఊరి మనిషిని పెట్టుకోండ్రి. మీకు అలవాటైంది వాళ్లకు వింతగ కనపడ్తది. మా సారు రిటైరై భీమవరం పోయిండు. పండుగకు ఫోన్ చేస్తె ఇప్పటికి అరుస్తడు. ఆయన అరుపులు వింటె నాకు పానం నిమ్మలమైతది.

కండ్లు మూసుకున్నోడు

రెండోసారి పోయినప్పుడు చెప్పులు టపటప కొట్టుకుంటనె పోయిన. స్వరూప వేలు మూతి మీద పెట్టెలోపలనె గట్టిగ పిలిచిన: "సంపత్, లే బిడ్డా. దవాఖాన నుంచి రూత్ సిస్టర్‌ను వచ్చిన."

సంపత్ ఇటు తిరిగిండు. నిద్ర మొఖం కాదది. స్వరూపను, పిల్లను పక్కింటికి పంపి మంచం పక్కన స్టూలేసుకొని కూసున్న.

"పగలు మంచిగ నిద్ర వడ్తున్నదా?" అని అడిగిన.

"నిద్రెక్కడిది సిస్టర్."

"మరెందుకు గిట్ల పండుకునుడు?"

పైన ఫ్యాను దిక్కు చూసుకుంట చెప్పిండు. "దవాఖాన నుంచి వచ్చిన కొత్తల కండ్లు తెరిస్తె సాలు, పిల్ల మంచం కాడికొచ్చి నిలబడి చూస్తుండె. డాడీ, డ్యూటీకి ఎప్పుడు పోతవ్ అని ఒక్కసారి అడిగింది. ఏం చెప్పాలె నేను. ఏడుపొచ్చింది. తండ్రి ఏడుసుడు చూస్తె పిల్ల ఏమైపోవాలె. గందుకె కండ్లు మూసుకుంట. పండుకున్న అనుకుంటది, బేఫికరుగ ఉంటది."

స్వరూపను వేరుగ అడిగితె ఆమె అన్నది: "ఆయన పండుకుంటలేడని నాకెరుకనె సిస్టర్. కని లే అని ఎట్లంట. ఆయన ఇజ్జత్ ఆయనకుంటది గద. పిల్లను సప్పుడు చెయ్యకుంట చూసుకుంటున్న."

చూసిండ్రా. ఆ ఇంట్ల చెడ్డోళ్లు ఎవరు లేరు. బిడ్డ కోసం తండ్రి కండ్లు మూసుకున్నడు. మొగని కోసం తల్లి బిడ్డ నోరు మూసింది. ఇద్దరిది ప్రేమనె. మొగోడు కండ్లు తెరువకపోతె, ఆడది నిజం చెప్పకపోతె, నడుమ ఉన్న పిల్ల ఏం అనుకుంటున్నదో ఎవరు అడిగిండ్రు. పిల్లలకు చెప్పకుంట దాస్తె వాళ్లు ఊకె ఉండరు, తమకు తోచింది అనుకుంటరు. వాళ్లకు తోచేది అసలు సంగతి కంటె ఎప్పుడు భయంకరంగనె ఉంటది. నేను చూసిన పిల్లలల్ల దీనికి తేడా వచ్చిన పిల్ల లేదు.

"పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పు" అన్న సంపత్‌తోని.

"నాకే తెల్వదు సిస్టర్, దానికేం చెప్పాలె."

"తెల్వదని చెప్పు. అది గూడ జవాబే."

"నాతోని కాదు" అని మళ్ల గోడ దిక్కు తిరిగిండు.

నాకు మండింది. కౌన్సిలర్లు కోపం చెయ్యొద్దని ట్రైనింగుల చెప్పిండ్రు గని, ఆ మాట చెప్పినోళ్లు ఎవరు ఆ స్టూలు మీద కూసోలేదు. "నువ్వు గట్లనె గోడ దిక్కు తిరుగు. పిల్లను హాస్టల్‌ల ఏసినంక గా గోడనె చూసుకుంట ఉండు" అన్న.

"ఏ హాస్టల్?" అన్నడు సంపత్.

ఆయనకు తెల్వది. స్వరూప ఆయనకు చెప్పనేలేదు, రంది పెట్టుకుంటడని. బడోళ్లు అన్నది, కాయిదం సంగతి, అంత నేనే చెప్పిన. ఆయన చెయ్యి మంచం పట్టె మీద పడ్డది, గట్టిగ పట్టుకున్నడు. పట్టుకొనె అన్నడు: "పిల్లను పిలువుండ్రి."

ఆ పూట

స్వరూప పిల్లను తోలుకచ్చింది. సంజన అర్ర దర్వాజ కాడనె ఆగింది. మంచం దిక్కు కొద్దిగ చూసి తల వంచుకున్నది.

"బిడ్డా" అన్నడు సంపత్. దగ్గి మళ్ల అన్నడు. "బిడ్డా, నేను పండుకుంటలేను. రోజు పండుకున్నట్టు చేస్తున్న."

పిల్ల పెదవులు కదిలినయి. సప్పుడు తక్కువ గని అర్రల ముగ్గురికి వినపడ్డది. "నాకెరుకే. నువ్వు పండుకుంటె గురక పెడ్తవ్."

స్వరూప కొంగు నోట్ల కుక్కుకున్నది. నేను ఊకున్న. ఇట్లాంటప్పుడు మనకు నోరు దురద పెడ్తది, "వెరీ గుడ్, మాట్లాడినవ్" అనబుద్ధైతది. అనొద్దు. పిల్ల చెప్పాల్సింది ఇంకా అయిపోలేదు.

"నేను లేపిన్నని పడ్డవా?" అని అడిగింది సంజన.

నాకు అర్థం కాలేదు. సంపత్‌కు కాలేదు. స్వరూప మాత్రం అట్లనె నేల మీద కూలబడ్డది, ఆమెకు యాదికొచ్చింది. యాక్సిడెంట్ ముందటి పగలు సంజన అంగన్‌వాడిల బొమ్మేసి, "డాడీ చూడు" అని ఒర్లుకుంట ఉరికొచ్చి పండుకున్న తండ్రిని లేపిందట. స్వరూప ఒక దెబ్బేసి, "ఆయనకు నిద్ర సాలక ఏమన్నైతె ఎట్ల?" అన్నదట. మా ఇండ్లల్ల ప్రతి తల్లి అనే మాటనె. తెల్లారి షిఫ్టు దిగి వస్తుంటె ఆయన పడ్డడు. తెలిసినోళ్లు దవాఖానకు ఉరికిండ్రు, పిల్లకు ఎవరేం చెప్పలేదు. ఏమైందో తనే అనుకున్నది. సప్పుడు చేసినందుకె డాడీ పడ్డడు. అప్పట్నుంచి, డ్యూటీ గురించి అడిగిన ఆ ఒక్క మాట తప్ప, సప్పుడు చెయ్యలేదు.

సంపత్ చెయ్యి చాపిండు. "ఇటు రా. కాదు బిడ్డా. వాన పడ్డది, రోడ్డు మీద బురద ఉండె, బండి జారింది, గంతే. నువ్వు లేపినంక నేను మళ్ల పండుకున్న. మస్తు గురక పెట్టిన. మీ మమ్మీని అడుగు."

"పెట్టిండు బిడ్డా" అన్నది స్వరూప ఏడ్చుకుంట. "పక్కింటిదాంక వినపడ్డది."

పిల్ల తల్లిని చూసింది, తండ్రిని చూసింది. నిజమా అబద్ధమా అని ఇద్దరి మొఖాలు పరీక్ష పెట్టి చూసింది. తర్వాత మంచం కాడికి పోయింది. "మరి డ్యూటీకి ఎప్పుడు పోతవ్?"

సంపత్ నా దిక్కు చూసిండు. నేను కిటికీల నుంచి బయటికి చూసిన. "తెల్వదు బిడ్డా" అన్నడు. "పోతనో పోనో గూడ తెల్వదు. డాక్టర్లు చెప్పిననాడు మొదలు నీకే చెప్త." ఇగ ఆయనకు ఏడుపు ఆగలేదు. ఏ ఏడుపు పిల్ల చూస్తదని ఏడాది కండ్లు మూసుకున్నడో ఆ ఏడుపు ఆమె ముంగటనె ఏడ్చిండు. సంజన నిలబడి చూసింది. ఆమెకు ఏం కాలేదు. గౌను అంచుతోని తండ్రి మొఖం తుడిచింది, ముక్కు గూడ తుడిచింది.

నాకు జీతమిచ్చి ఈ అర్రల నిలబడనిచ్చిండ్రు గదా అని ఆ నిమిషం అనుకున్న. నాకు పిల్లలు లేరు. ఎవరింట్లనో, ఎవరి బిడ్డనో, నాకెందుకు ఇంత భాగ్యం అని దేవునికి మనసుల స్తోత్రం చెప్పుకున్న. ఈ నౌకరిల దొరికేది ఇదే, ఎప్పుడో ఒకసారి దొరుకుతది, మిగిలిన దినాలు దాని మీద నడుస్తయి.

సంపత్ ముక్కు చీదుకొని, "ఇగ నుంచి నువ్వే చూడు. గురక పెడ్తె పండుకున్నట్టు. గురక లేకపోతె పండుకోలేదన్నట్టు, నువ్వు లేపొచ్చు" అన్నడు.

సంజన చెవి ఆయన ముక్కు కాడ పెట్టి విన్నది. "గట్లైతె ఇప్పుడు లే" అన్నది.

సంపత్ లేచిండు. నడుముకు బెల్టు పెట్టుకొని, మంచం పట్టె పట్టుకొని, తర్వాత గోడ పట్టుకొని లేచిండు. పిల్ల ముంగట, ఆయన వెనుక, ఒక్కో అడుగు వరండలకు నడిచిండ్రు. బడిల నోరు తెరిచెటందుకు సంజనకు ఇంకా చాన నెలలు పట్టింది. అదే బడిల ఒక టీచరమ్మ ఓపిక పట్టింది, ఆమెకు గూడ దండం. ఆ పూట మాత్రం ఏడాది మాటలన్ని ఒక్కపారి వచ్చినట్టు, వరండల, బడిల ఎవరు ఎవర్ని గిచ్చిండ్రు, ఎవరి పలక పలిగింది, టీచరు చీర ఏ రంగు, అన్ని చెప్పుకుంట పోయింది. గొంతు బొంగురు పోయి పిట్ట కూసినట్టు వస్తున్నా ఆపలేదు. సంపత్ గోడకు ఒరిగి వింటున్నడు.

స్వరూప నా పక్కకొచ్చి నిలబడ్డది. "ఆ కాయిదం ఇగ వద్దు సిస్టర్" అన్నది. గొంతు తగ్గించి అడిగింది: "కని సిస్టర్, పక్కింటాయన నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు. దీన్ని ఆపమంటరా?"

"ఈ ఒక్క పూటకు ఆయనను లేవనీ" అన్న. "ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు."